అంటే ఏటి బాబూ?

పని చేసేచోట పుట్టిన మాట ప్రాణాలు కాపాడుతుంది. అదే మాట కౌంటరు దాటి ఇవతలికొస్తే సామాన్యుడి నోరు మూయిస్తుంది. రైలు, రాయి, భూమి కలిసే కొత్తవలస జంక్షన్ నుంచి, మన రోజువారీ సంభాషణలో కలిసిపోయిన వృత్తి పరిభాష కథ ఇది.

"లైట్ ఇంజిన్ వస్తోంది" అని కొత్తవలస స్టేషన్లో ఎవరైనా అంటే కొత్తవాళ్ళు తేలికపాటి ఇంజిన్ ఏదో వస్తోందనుకుంటారు. వచ్చేది 120 టన్నులు దాటిన యంత్రం. వెనక ఒక్క పెట్టె కూడా లేకుండా ఒంటరిగా పోయే ఇంజిన్‌కి రైల్వేవాళ్ళు పెట్టుకున్న పేరది. స్టేషన్ దాటి రాతి క్రషర్ల వైపు వెళ్తే "మెటల్ దిగిందా?" అని అడుగుతారు. అక్కడ మెటల్ అంటే ఇనుమూ కాదు, రాగీ కాదు, నల్లరాయిని కొట్టిన కంకర. ఇంకాస్త ముందుకెళ్తే ఇళ్ళ స్థలాల బేరాల దగ్గర "ఆ బిట్టు 22ఏలో పడిపోనాది" అని ఒకరు నిట్టూరుస్తుంటారు. పడింది గోతిలో కాదు, ప్రభుత్వ జాబితాలో.

మూడూ తెలుగు వాక్యాలే. మాట్లాడినవాళ్ళు ముగ్గురూ ఒకే ఊరివాళ్ళు. అయినా ఒకరి మాట ఇంకొకరికి సగమే అందుతుంది. హౌరా–చెన్నై మెయిన్ లైను, కొండల్లోకి చీలిపోయే ఖనిజం లైను, ఫెర్రోక్రోమ్ కర్మాగారం, క్రషర్లు, విశాఖ నుంచి పాకుతూ వచ్చిన లేఅవుట్లు. ఇన్ని పనులు ఒకేచోట చేరిన ఊళ్ళో ఇన్ని రకాల మాటలుండటం వింత కాదు. ఆ మాటలు ఎక్కడ పుట్టాయి, ఎవరికి పనికొస్తున్నాయి, ఎవరిని బయట నిలబెడుతున్నాయి అన్నదే అడగాల్సిన ప్రశ్న.

లైన్ క్లియర్ ఉందా?

కొత్తవలస మీదుగా మెయిన్ లైను 1890ల్లోనే వచ్చింది. ఊరు పెద్ద జంక్షన్ అయింది మాత్రం 1960ల్లో. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కు ఎగుమతి చేయడం కోసం దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టు కింద కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల మార్గం వేశారు. 58 సొరంగాలు దాటుకుంటూ శిమిలిగుడ దగ్గర దాదాపు 997 మీటర్ల ఎత్తుకు చేరుతుందది. ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా శిమిలిగుడకు పేరు. కొత్తవలస–కిరండూల్ అని ఇంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు? రైల్వేలో అది కేకే లైను. అంతే.

ఆ కొండదారిలో పుట్టిన మాటలు చూడండి. పైనుంచి దిగే బండి అదుపు తప్పితే స్టేషన్‌లోకి దూసుకురాకుండా పక్కకు మళ్ళించి ఆపే పట్టాలను క్యాచ్ సైడింగ్ అంటారు. స్టేషన్లో నిలబెట్టిన పెట్టెలు జారి బయటి లైను మీదికి పోకుండా కాసేవి స్లిప్ సైడింగ్. మన చెవికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఒకటి వచ్చేదాన్ని ఆపుతుంది, ఒకటి పోయేదాన్ని ఆపుతుంది. ఆ తేడా తెలియనివాణ్ణి ఘాట్ సెక్షన్లో డ్యూటీకి పంపరు.

లైన్ క్లియర్ కూడా అలాంటిదే. ముందు స్టేషన్ ఒప్పుకుని లైన్ క్లియర్ ఇస్తేనే వెనక స్టేషన్ నుంచి బండి కదలాలి. గేటు మూశానని గేట్‌మన్ ఫోన్లో నోటిమాటగా చెబితే సరిపోదు, ప్రైవేట్ నంబర్ ఇవ్వాలి. ముందే అచ్చువేసి ఇచ్చిన చిట్టాలో ఉండే రెండంకెల సంఖ్య అది. వాడిన వెంటనే కొట్టేస్తారు. మాట అందుకున్నవాడు విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి, చెప్పినవాడు అది సరేననాలి. అప్పుడే ఆ మాట పూర్తయినట్టు లెక్క. ఇక్కడ పరిభాష గొప్ప కోసం పుట్టలేదు. ఒక మాటకు రెండర్థాలుంటే శవాలు లేస్తాయన్న భయంలోంచి పుట్టింది.

ఆ భయం ఉత్తది కాదు. 1977 మార్చి 27న టెనెరీఫ్ విమానాశ్రయంలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది చనిపోయారు. పైకి లేవబోతున్నామని ఒక విమానం నుంచి అస్పష్టంగా వచ్చిన మాటను కంట్రోల్ టవర్ మరోలా అర్థం చేసుకోవడం కారణాల్లో ఒకటి. ఆ తర్వాత ‘టేకాఫ్’ మాటను అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోలో వాడకూడదని కట్టడి వచ్చింది. మిగతా సందర్భాలకు వేరే మాట. ఒక్క మాటకు ఒక్కటే అర్థం ఉండాలన్న నియమం వెనక అంత నెత్తురుంది.

కొత్తవలసకు ఆ పాఠం మరీ దగ్గరగా వచ్చింది. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి–అలమండ మధ్య రాయగడ పాసింజరు ముందు వెళ్తున్న పలాస పాసింజరును ఢీకొట్టింది. 14 మంది పోయారు. పాడైన ఆటోమేటిక్ సిగ్నళ్ళను నిబంధన పాటించకుండా దాటడమే కారణమని రైల్వే మొదట్లో ప్రకటించింది. అంతవరకూ రైలు సిబ్బంది రన్నింగ్ రూముల్లో వినబడే ఓవర్‌షూట్, ఆటో సిగ్నలింగ్, కవచ్ లాంటి మాటలు మర్నాటి నుంచి జిల్లాలో టీకొట్ల దగ్గర వినబడ్డాయి. వృత్తి మాట జనంలోకి రావడానికి విషాదం కూడా ఒక దారి.

రైల్వే మాటలకు ఇంకో పుట్టుక పొదుపులో ఉంది. తంతి కాలంలో ప్రతి అక్షరమూ ఖర్చే, ప్రతి క్షణమూ ఆలస్యమే. అందుకే స్టేషన్లకు పొట్టిపేర్లు వచ్చాయి. కొత్తవలస కేటీవీ అయింది, విజయనగరం వీజెడ్ఎమ్, కిరండూల్ కేఆర్‌డీఎల్. ఇంజిన్ పేర్లూ అంతే. కేకే లైను ఖనిజం కోసం 1980ల చివర స్వీడన్ నుంచి, జపాన్ నుంచి తెప్పించిన ఇంజిన్ల పేరు డబ్ల్యూఏజీ–6. మొదటి అక్షరం బ్రాడ్‌గేజ్‌ది, రెండోది ఏసీ కరెంటుది, మూడోది గూడ్సుది. తెలిసినవాడికి పేరులోనే ఇంజిన్ జాతకం దొరుకుతుంది. 2013 జులైలో దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. తంతి పోయినా దాని పొట్టిమాటలు పోలేదు. ఇప్పటికీ టికెట్ మీద అవే అక్షరాలు.

పై నుంచి పేరు మార్చినంత మాత్రాన నాలుక మీది మాట మారదనడానికీ రైల్వేలోనే సాక్ష్యముంది. 2022 జనవరిలో గార్డు పదవికి ట్రైన్ మేనేజర్ అని కొత్త పేరు పెట్టారు. ప్లాట్‌ఫారం మీద మాత్రం ఆయన ఇంకా గార్డుబాబే.

కల్లం నుంచి కథావిమర్శ దాకా

రైలు రాకముందు ఈ నేల మీద పనిమాటలు లేవా అంటే, అవే ఎక్కువ. వరినారు పోసే చోటును వేరే జిల్లాలవాళ్ళు నారుమడి అంటే ఇక్కడివాళ్ళు ఆకుమడి అంటారు. నాట్లను ఉభాలు అంటారు. వాననే నమ్ముకున్న మెట్ట నేల గరువు, నీళ్ళు నిలిచేది పల్లం. గరువు బేరం వేరు, పల్లం బేరం వేరు. ఆ రెండు మాటలు తెలియకపోతే ఇక్కడ పొలం కొనలేరు.

ఈ మాటల విలువ కనిపెట్టి లెక్కగట్టిన పని తెలుగులో ఒకటి జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తి పదకోశం’ తలపెట్టింది. మొదటి సంపుటం వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. రెండోది చేనేత పదాలది, 1971లో వచ్చింది. నిఘంటువు రాయాలంటే పాత కావ్యాలు తిరగేయడమే పద్ధతిగా ఉన్న రోజుల్లో, రైతు దగ్గరికీ నేతగాడి దగ్గరికీ వెళ్ళి నాగలిలో ఈ ముక్కనేమంటావు, మగ్గంలో ఆ కర్రనేమంటావు అని అడిగి రాసుకున్నారు. ఒకే పనిముట్టుకు ఏ జిల్లాలో ఏ పేరుందో పటం మీద గుర్తులు పెడితే తెలుగు నాలుగు మాండలిక ప్రాంతాలుగా విడివడి కనిపించింది. అందులో తూర్పు మండలం మనదే, కళింగాంధ్ర. అంటే తెలుగు మాండలికాలకు హద్దులు గీసింది పండితులు కాదు, వాళ్ళకు తెలియని రైతుమాటలు.

ఆ మాటల్లో చాలా భాగం పొలం గట్టు దాటి వచ్చేశాయి. నేలలో తడి సరిగ్గా ఉండటం పదును, విత్తడానికి సరైన సమయం అదును. ఈ రోజు నాగలి పట్టనివాడు కూడా అదును చూసి దెబ్బకొట్టాడంటాడు. వడికే దూదిచుట్ట ఏకు. మెత్తనిదనుకున్నది గుచ్చుకునేసరికి ‘ఏకు మేకైంది’ అనేశాం. పొందూరులో ఇప్పటికీ వలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి సన్న నూలు వడుకుతారు. ఆ ఏకును ఎన్నడూ చూడనివాళ్ళు కూడా సామెతలో దాన్ని వాడుతూనే ఉన్నారు.

అన్నిటికన్నా తమాషా వడ్రంగి చిత్రికది. చెక్కను నునుపు చేసే పనిముట్టది. ఇప్పుడు దాన్ని వడ్రంగి దుకాణంలో కన్నా పుస్తక సమీక్షల్లోనే ఎక్కువగా చూస్తాం. రచయిత పల్లె జీవితాన్ని ‘చిత్రిక పట్టాడు’ అని రాయని విమర్శకుడు అరుదు. కంసాలి గీటురాయి సాహిత్య ప్రమాణమైంది. పోతపోసే మూస ‘మూస కథ’ అయింది. చేతిపని చేసేవాళ్ళ పరిభాష విమర్శకుల పరిభాషగా మారి, మళ్ళీ ఆ చేతిపనివాళ్ళకే అర్థం కాకుండా పోయింది.

రైలు మాటలూ అంతే. పనీపాటా లేకుండా అటూ ఇటూ తిరిగేవాణ్ణి షంటింగ్ కొడుతున్నాడంటాం. ఆగిన పథకం పట్టాలెక్కింది అంటాం. పెళ్ళి సంబంధానికి అడ్డు తొలగితే లైన్ క్లియర్ అంటాం. ఖరగ్‌పూర్ వెళ్ళి రైల్వేలో స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలు, సెలవులకు ఊరొచ్చినప్పుడు మోసుకొచ్చిన సామాన్లలో ఇలాంటి మాటలూ ఉండే ఉంటాయి. మేస్త్రి కథ ఇంకా దూరం నుంచి వచ్చింది. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికొచ్చిన ఆ మాట, ఇక్కడి కూలీలతో కలిసి మళ్ళీ ఓడెక్కి రంగూన్ రేవుకు పోయింది. బర్మాలో తెలుగు కూలీలకు పని ఇప్పించేదీ, కూలి డబ్బులో కోత కోసేదీ మేస్త్రే.

తువ్వాలు కింద బేరం

ఇంతవరకూ చెప్పినవి పని సాగడానికి పుట్టిన మాటలు. అవతలివాడికి తెలియకూడదనే పుట్టినవీ ఉన్నాయి.

ఉత్తరాంధ్ర పశువుల సంతల్లో ఎద్దు బేరం నోటితో సాగదు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుతారు. దాని కింద వేళ్ళు మాట్లాడతాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వందలా, వేలా అన్నది వాళ్ళకే తెలుసు. చుట్టూ నిలబడ్డ జనానికి దళారీ ముఖం తప్ప ఏమీ కనబడదు. పైకి వినిపించేది పశువు వయసు మాటే. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, కడపళ్ళు. నోరు తెరిచి చూస్తే ఎవరైనా తేల్చుకోగలిగేది కాబట్టి దాన్ని దాచలేరు. ధర మాత్రం తువ్వాలు కిందే. ఈ పద్ధతికి ఒక న్యాయమూ ఉంది, పక్క బేరం ధర విని నా బేరం చెడకూడదు. ఒక అన్యాయమూ ఉంది, అమ్మినవాడికి ఎంత ముట్టిందో, దళారీకి ఎంత మిగిలిందో ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

దక్షిణాది వర్తకులు కొనేవాడి ఎదుటే ధర మాట్లాడుకోవడానికి వాడిన రహస్యపు అంకెల మాటల్ని ఎడ్గార్ థర్స్టన్ 1909లో అచ్చయిన తన ఏడు సంపుటాల గ్రంథంలో నమోదు చేశాడు. ఐరోపాలో అయితే పదహారో శతాబ్దానికే దొంగల మాటలకు పట్టికలు అచ్చయ్యాయి. అంతెందుకు, మన పిల్లల ‘క’ భాష లేదూ? ప్రతి అక్షరం ముందూ ఒక ‘క’ చేర్చి పెద్దవాళ్ళ ముందే ఒకరితో ఒకరు ‘కరా కవే’ అని పిలుచుకుంటారు. పెద్దవాళ్ళకు అర్థం కాదనుకోవడంలోనే ఉంది సరదా అంతా. రహస్య పరిభాషకు మూలసూత్రం కూడా అదే. లోపలివాళ్ళెవరో, బయటివాళ్ళెవరో మాటతోనే తేలిపోవాలి.

పోలీసు, ప్లీడరు, గుమాస్తా, సారా వ్యాపారి కలిసి ఇలాంటి లోపలి భాషతో పేదవాణ్ణి ఎలా చుట్టేస్తారో రాచకొండ విశ్వనాథశాస్త్రికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో ప్లీడరుగా బతికిన రచయిత ఆయన. ‘ఆరు సారా కథలు’లో చట్టం మాటలు ఒకవైపు, వాటి కింద నడిచే మామూళ్ళ మాటలు మరోవైపు వినిపిస్తాయి. మామూలు అన్న మాట చూడండి. ఎప్పటిలాగే అన్న అర్థమిచ్చే ఆ అమాయకపు మాటే లంచానికి మర్యాదైన పేరైంది.

ఫసలీ 1435

ఇప్పుడు కౌంటరు దగ్గరికొద్దాం. ఈ కింది సంభాషణ ఊహించి రాసిందే. కానీ జిల్లాలో ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలోనైనా ఇలాంటిది వినబడొచ్చు.

"తాతా, నీ సర్వే నంబరు 22ఏలో ఉంది. ఎన్‌వోసీ తెస్తే గానీ డాక్యుమెంటు అవ్వదు."

"అంటే ఏటి బాబూ?"

"నిషేధిత జాబితా తాతా. వన్–బీ ఉందా? అడంగల్‌లో ఎవరి పేరుంది? ఈసీ తీసేవా?"

"మా బాబు దున్నినాడు, నాను దున్నుతున్నాను. బూమి ఆడే ఉంది కదా, ఎవులెత్తుకెళ్ళిపోనారు?"

తాత అడిగిన ప్రశ్నలో తప్పు లేదు. భూమి అక్కడే ఉంది. కాగితం మీద దాని జాతి మారింది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూముల్లాంటివి అమ్మకుండా జాబితా పెడతారు. మన రాష్ట్రంలో ఇప్పుడున్న రూపంలో ఆ సెక్షన్ 2007 నాటిది. దొంగ రిజిస్ట్రేషన్లను ఆపడానికి తెచ్చిన ఏర్పాటు. పొరపాటున జాబితాలో చేరిన పట్టా భూమికి మాత్రం అదే ఉచ్చు. రెవెన్యూవాళ్ళకు 22ఏ ఒక సెక్షన్. తాతకు అది కూతురి పెళ్ళి వాయిదా.

ఈ మాటల వరస ఎంత పాతదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. జమాబందీ, వాయిదా, దస్తావేజు, జప్తు, హాజరు, రద్దు, వకాల్తా. పారసీ, అరబీ పాలనా భాషల నుంచి వచ్చినవే ఎక్కువ. శ్రీకాకుళం కుతుబ్‌షాహీల నాడే ఫౌజుదారు ఉండే పట్నం. అక్కడి జామియా మసీదును 1641లో కట్టించింది ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖానే. కుతుబ్‌షాహీలు పోయారు, మొగలులు పోయారు, నిజాం పోయాడు, ఇంగ్లీషువాళ్ళు పోయారు. కచేరీ మాటలు ఉండిపోయాయి. అక్బరు కాలంలో పంటల లెక్క కోసం మొదలైన ఫసలీ సంవత్సరం మన రెవెన్యూ రికార్డుల్లో ఇంకా నడుస్తోంది. 2025 జులై 1న మొదలైంది ఫసలీ 1435. అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసేస్తే వచ్చే అంకె. పొలం, పంట వివరాలుండే అడంగల్ కాగితం చేతిలో పట్టుకున్నవాడికి ఈ చిన్న తీసివేత ఎవరూ చెప్పరు.

రెవెన్యూ మాటల పక్కనే ఇప్పుడు లేఅవుట్ మాటలు పేరుకున్నాయి. బిట్టు, కార్నరు, ఈస్ట్ ఫేసింగు, టోకెన్, లింకు డాక్యుమెంటు, ఎల్‌పీ నంబరు. కొత్తవలస విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ పరిధిలో ఉండటంతో ‘అప్రూవ్డ్’ అన్న మాటకు గజానికింతని ధర కట్టే స్థితి వచ్చింది. ఉపాధి పనికెళ్ళే మహిళకు మస్టరు పడిందా లేదా అన్నది కూలి సంగతి. పథకం డబ్బు రాకపోతే సచివాలయంలో వినబడే జవాబు ‘ఎన్‌పీసీఐ లింకు అవ్వలేదమ్మా’. ఆ నాలుగు అక్షరాలు దేన్ని సూచిస్తాయో జవాబు చెప్పే ఉద్యోగికీ తెలియకపోవచ్చు. వాడుక ముదిరిన పరిభాష లక్షణమది. చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ తలూపుతారు.

గిరీశం వారసులు

విజయనగరం జిల్లాలో నిలబడి పరిభాష గురించి మాట్లాడుతూ గురజాడను తలుచుకోకుండా ఉండలేం. 1892లో విజయనగరంలోనే తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో వెంకమ్మ తన కొడుకూ అతని గురువు గిరీశమూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని ముచ్చటపడుతుంది. వాళ్ళు నోటికొచ్చిన పద్యం ముక్కలూ పాఠం ముక్కలూ అప్పజెబుతారు. అర్థం సున్నా. వెంకమ్మ ముఖంలో మాత్రం వెలుగు. పరిభాషకున్న మరో పుట్టుకను గురజాడ ఆ ఒక్క ఘట్టంలో పట్టేశాడు. భద్రత కోసం కొన్ని మాటలు పుడతాయి, పొదుపు కోసం కొన్ని, రహస్యం కోసం కొన్ని. డాబు కోసం పుట్టేవి మరికొన్ని.

గిరీశానికి వారసుల కొరత లేదు. ‘ఫాలోఅప్ చేసి అప్‌డేట్ ఇస్తాను’ అంటే కనుక్కుని చెబుతాననే. ‘ఎస్కలేట్ చేశాం’ అంటే పైవాడికి చెప్పామనే. చెప్పిన పనిలో కొత్తేమీ లేదు, చెప్పినవాడి హోదా పెరిగిందంతే. క్యాచ్ సైడింగ్‌కి బదులు వాడదగ్గ చిన్న మాట ఇంకోటి లేదు. ఎస్కలేట్‌కి బదులు ‘పైకి చెప్పాం’ చక్కగా సరిపోతుంది. అవసరమైన పరిభాషకూ డాబు పరిభాషకూ తేడా పట్టాలంటే ఇదొక తేలిక పరీక్ష. మామూలు మాట పెట్టి చూడండి. పని చెడితే అది పరిభాష. చెడకపోతే అది వేషం.

ఇదంతా ఇంగ్లీషు తెచ్చిన చేటనుకుంటే పొరపాటే. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. తెలుగులో ఉత్తర్వులు రావాలన్నది దాని లక్ష్యం. వచ్చినవాటిలో కొన్ని ‘తదుపరి చర్య నిమిత్తం సమర్పించడమైనది’ అన్న తీరులో వచ్చాయి. లిపి మనది, మాట మనది కాదు. ఈ జబ్బును అంతకు చాలాముందే గుర్తించినవాడు శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి. గ్రాంథికం పేరుతో చదువును కొద్దిమంది గుప్పిట్లో పెడుతున్నారని ఆయన వాదించాడు. అదే మనిషి సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశాడు. ప్రజల దగ్గరికెళ్ళి మాట నేర్చుకున్నవాడికే, ప్రజలకు అర్థం కాని మాట రాయకూడదని చెప్పే హక్కుంటుంది.

క్రియాటినిన్ ఎంతొచ్చింది?

అయితే జనం ఎప్పుడూ బయటే నిలబడి ఉంటారా? ఉద్దానం వెళ్తే దీనికి జవాబు దొరుకుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాల్లో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు పీడిస్తోంది. వైద్యవిద్యార్థి కష్టపడి నేర్చుకునే సీరం క్రియాటినిన్ అన్న మాట అక్కడ బడి ముఖం చూడని ముసలమ్మకూ తెలుసు. అంకె ఎంతొస్తే భయపడాలో తెలుసు, ఏ అంకె దాటితే డయాలసిస్ మాట వస్తుందో తెలుసు. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10 వేల రూపాయల పింఛను ఇవ్వడం మొదలయ్యాక ఆ మాటలు బతుకు లెక్కలో కూడా చేరాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచేనాటికి ఉద్దానంవాళ్ళకు ఆ పరిభాష ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేకపోయింది.

విజయనగరం జూట్ మిల్లుల చుట్టుపక్కల లాకౌట్, లేఆఫ్, బదిలీ కార్మికుడు అన్నవి ఇంటింటి మాటలైన తీరూ ఇదే. ఆఫీసులో బదిలీ అంటే ఊరు మారడం. మిల్లులో బదిలీ అంటే పర్మినెంటు మనిషి రాని రోజున ఆ స్థానంలో పని దొరికే మనిషి. 2020లో కోవిడ్ వచ్చి పాజిటివ్ అన్న మంచిమాటను చెడ్డ కబురుగా మార్చింది. నెగెటివ్ వస్తే కొబ్బరికాయ కొట్టారు. బీపీ ఉంది, షుగరుంది అని మనం అంటాం. ఆ రెండూ బతికున్న ప్రతి మనిషిలోనూ ఉంటాయి కదా అని డాక్టరు నవ్వుకోవచ్చు. అయినా అర్థం కానివారెవరూ లేరు.

కాబట్టి సామాన్యుడికి పరిభాష అందదన్నది నిజం కాదు. అవసరం తరిమితే ఎంత కష్టమైన మాటనైనా జనం నేర్చుకుంటారు. అసలు సంగతి, ఆ మాటను ఎంత ధరకు నేర్చుకుంటున్నారన్నది. ఉద్దానం దాన్ని ఆరోగ్యంతో కొనుక్కుంది. మిల్లు కార్మికుడు జీతంతో కొనుక్కున్నాడు. మన ఊహలోని తాత పొలంతో కొనుక్కుంటున్నాడు. ముందే చెప్పి ఉంటే ఊరికే వచ్చే మాటలవి.

కొత్తవలస చుట్టుపక్కల వినబడే పనిమాటలు

రేక్: ఒకే బండిగా నడిచే పెట్టెల పూర్తి వరస.

బ్యాంకర్: ఎత్తుదారిలో బండిని వెనక నుంచి తోసే ఇంజిన్. డబ్బు బ్యాంకుతో సంబంధం లేదు.

డెమరేజి: ఇచ్చిన గడువులో పెట్టెలు ఖాళీ చేయకపోతే పడే రుసుము.

ట్యాపింగ్: ఫెర్రోక్రోమ్ కొలిమి నుంచి కరిగిన లోహాన్ని బయటికి వదలడం.

డస్టు: క్రషర్లో కంకర కొట్టగా మిగిలే రాతిపొడి.

రసమట్టం: గోడ, నేల సమంగా ఉన్నాయో లేదో తాపీమేస్త్రి చూసుకునే మట్టం.

కడపళ్ళు: పశువుకు పళ్ళన్నీ వచ్చేసిన వయసు.

వన్–బీ: ఒక రైతు పేరున ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ రికార్డు.

ఈసీ: ఆస్తి మీద జరిగిన రిజిస్టరు లావాదేవీలు చూపే పత్రం.

తిరిగి చెప్పించండి

పరిభాషను రద్దు చేయమని ఎవరూ కోరనక్కర్లేదు. స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ బదులు ‘దారి బాగానే ఉన్నట్టుంది’ అంటే మనం రైలెక్కం. సర్జన్ తన నర్సుతో, ఇంజినీరు తన మేస్త్రితో వాళ్ళ మాటల్లోనే మాట్లాడుకోవాలి. గీత గీయాల్సింది వేరేచోట. మాట వల్ల నష్టపోయేవాడు ఆ వృత్తి బయటివాడైనప్పుడు, అర్థం చెప్పాల్సిన బాధ్యత మాట వాడినవాడిది కావాలి. అడగాల్సిన భారం విన్నవాడి మీద వేయకూడదు.

కొన్నిచోట్ల చట్టమే ఆ దారి పట్టింది. అమెరికాలో ప్రభుత్వ సంస్థలు ప్రజలకిచ్చే పత్రాలు తేలికైన భాషలో ఉండాలని 2010లో చట్టం చేశారు. మన దగ్గర రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. 2024 అక్టోబరు 1 నుంచి, వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ ఇచ్చే కొత్త అప్పులకు వడ్డీ, రుసుములు, మొత్తం భారం ఒకేచోట చూపే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. అది అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులో ఉన్నది వివరించి చెప్పాలి కూడా. బ్యాంకుకెళ్ళినప్పుడు తెలుగులో ఆ పత్రం కావాలని అడగండి. అడగడానికి మీకు హక్కుంది.

అప్పుకు ఉన్న ఈ నియమం భూమికి ఎందుకుండకూడదు? రిజిస్ట్రేషన్ ఆఫీసులో, తహసీల్దారు కార్యాలయంలో, సచివాలయంలో 20 మాటలకు తెలుగు అర్థాలు రాసిన బోర్డొకటి గోడకు తగిలిస్తే ఖర్చెంత? ఫసలీలోంచి సంవత్సరం ఎలా తెలుసుకోవాలి, 22ఏలోంచి సర్వే నంబరు తీయించాలంటే ఎవరికి అర్జీ పెట్టాలి, వన్–బీకీ అడంగల్‌కీ తేడా ఏమిటి. ఇంతే కదా.

బోర్డు కన్నా గట్టి ఉపాయం రైల్వే దగ్గర ఎప్పటినుంచో ఉంది. విన్నవాడు తిరిగి చెప్పేదాకా మాట చేరినట్టు కాదన్న నియమం. మంచి వైద్యులు కూడా మందుచీటీ ఇచ్చాక ‘ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటావో చెప్పమ్మా’ అని రోగి చేత చెప్పిస్తారు. దాన్నే ప్రతి కౌంటరుకూ తేవాలి. దస్తావేజు మీద వేలిముద్ర పడేముందు, అందులో ఏముందో ఆ వేలిముద్ర వేసే మనిషి తన మాటల్లో, తన యాసలో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ దస్తావేజు పక్కన పెట్టి ఇంకోసారి వివరించాలి. ఓ అయిదు నిమిషాలు ఆలస్యమవుతుంది. రైలుకైతే ఆ ఆలస్యాన్ని మనం ఎప్పుడో ఒప్పుకున్నాం.